పాత చీటీ, కొత్త లినక్స్: వర్చువల్ మెషిన్ టూల్స్ ఇప్పుడు ఎలా వేసుకోవాలి?

నిజామాబాద్‌లో ఒక ఇల్లు అనుకోండి. ఇంట్లో ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్. పగలంతా అది అబ్బా షాపులో ఉంటుంది. బిల్లులు, ఉద్దెర లెక్కలు, సరుకు లిస్టులు అన్నీ అందులోనే. రాత్రి ఇషా అయ్యాక బీఎస్సీ కంప్యూటర్స్ చదివే కూతురి చేతికి వస్తుంది. కాలేజీలో లినక్స్ ల్యాబ్ ఉంది. ఇంట్లో ప్రాక్టీసు చేయాలంటే లినక్స్ కావాలి. విండోస్ తీసేసి లినక్స్ వేస్తే అబ్బా లెక్కలన్నీ పోతాయి. అందుకని విండోస్ లోపలే, ఒక కిటికీలో ఇంకో కంప్యూటర్ నడిపించే వర్చువల్ మెషిన్ పెట్టుకుంది. సీనియర్లు ఇచ్చిన జిరాక్స్ చీటీ చూసి ఒక్కో మెట్టూ చేసుకుంటూ పోయింది.

ఉబుంటు వచ్చింది. కానీ తెర చిన్న డబ్బా అంతే ఉంది. విండోస్‌లో కాపీ చేసింది లినక్స్‌లో పేస్ట్ కావడం లేదు. చీటీలో "వీఎంవేర్ టూల్స్ వేయాలి" అని పదకొండు మెట్లు ఉన్నాయి. సీడీ పెట్టడం, ఫైలు విప్పడం, స్క్రిప్టు నడపడం, అడిగిన ప్రతిదానికీ ఎంటర్ నొక్కడం. ఎర్ర అక్షరాలు వచ్చాయి. నెట్‌లో ఎవరో చెప్పినట్టు ఇంకేదో బలవంతంగా నడిపింది. తెర పెద్దదయ్యింది. సంతోషం. పది రోజుల తర్వాత ఉబుంటు అప్‌డేట్ అయ్యింది, మర్నాడు తెర నల్లగా నిలబడిపోయింది. ల్యాబ్ రికార్డు, ప్రాజెక్టు కోడు అంతా ఆ నల్లతెర వెనకే. సబ్మిషన్‌కు రెండు రోజులు. రిపేరు షాపులో అడిగితే "ఫార్మాట్ కొట్టించాల్సిందే" అన్నారు. అమ్మీకి అర్థమైంది ఒక్కటే, ల్యాప్‌టాప్ పోయిందని.

దమ్మామ్‌లో ఐటీ సపోర్టు పని చేసే అన్న వీడియో కాల్‌లో మొత్తం విని ఒకే మాట అడిగాడు. "ఆ చీటీ ఏ సంవత్సరానిది?"

ఇది ఒక ఊహించిన ఇల్లే. కానీ పిల్లలు కంప్యూటర్ చదువుతున్న ఇళ్లలో ఈ కథలో ఏదో ఒక ముక్క అందరికీ తెలిసిందే ఉంటుంది. అన్న అడిగిన ప్రశ్నే ఇక్కడ అసలు ప్రశ్న. చాలాసార్లు చెడిపోయింది మెషిన్ కాదు. చీటీ పాతబడింది.

టూల్స్ అంటే ఏమిటి, ఎందుకు

వర్చువల్ మెషిన్‌లో ఇద్దరుంటారు. ల్యాప్‌టాప్‌లో అసలు ఉన్న విండోస్ హోస్ట్, అంటే ఇంటివాడు. కిటికీలో నడిచే లినక్స్ గెస్ట్, అంటే చుట్టం. చుట్టానికి తాను ఇంకొకరి ఇంట్లో ఉన్నానని సరిగ్గా తెలియదు. తన తెర ఎంత పెద్దదో, మౌస్ ఎప్పుడు బయటికి పోయిందో, ఇంటివాడి దగ్గర ఏ ఫోల్డర్ ఉందో ఏదీ తెలియదు. ఇద్దరి మధ్య మాటలు నడిపేవే ఈ టూల్స్. తెర కిటికీకి తగ్గట్టు సాగడం, కాపీ పేస్ట్, రెండువైపులా కనిపించే షేర్డ్ ఫోల్డర్, గడియారం కలవడం, మెషిన్‌ను మర్యాదగా ఆపడం వీటి పనులు.

వీఎంవేర్‌లో వీటిని వీఎంవేర్ టూల్స్ అంటారు, వర్చువల్‌బాక్స్‌లో గెస్ట్ అడిషన్స్. లినక్స్ సొంత కేవీఎం పద్ధతిలో వేరే చిన్న ప్యాకేజీలు ఉంటాయి. పేర్లు వేరు, పని దాదాపు ఒకటే. వేసే పద్ధతి మాత్రం ఒకటి కాదు. ఒకదాని చీటీ ఇంకోదానికి పనికిరాదు.

చీటీ ఎందుకు పాతబడింది

ఆ పదకొండు మెట్ల పద్ధతి ఒకప్పుడు తప్పు కాదు. ఒక కాలంలో అదే సరైన దారి. అప్పట్లో వీఎంవేర్‌తో మాట్లాడే డ్రైవర్లు లినక్స్‌లో ఉండేవి కావు. కంపెనీ వాటిని సీడీ రూపంలో ఇచ్చేది. స్క్రిప్టు నడిపితే మీ మెషిన్‌లో ఉన్న కెర్నల్‌కు సరిపోయేలా డ్రైవర్లను అక్కడికక్కడే తయారు చేసేది. దర్జీ కొలతలు తీసుకుని కుట్టినట్టు. కెర్నల్ మారితే కొలత మారుతుంది, మళ్లీ కుట్టాలి. అందుకే ప్రతి అప్‌డేట్ తర్వాతా తెర చెడేది.

తర్వాత రెండు మార్పులు వచ్చాయి. 2007లో వీఎంవేర్ తన టూల్స్‌లో ఎక్కువ భాగాన్ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. దాని పేరు ఓపెన్ వీఎం టూల్స్. రెండోది, డ్రైవర్లు ఒక్కొక్కటే లినక్స్ కెర్నల్ లోపలికే చేరాయి. వీఎంవేర్ నెట్‌వర్క్ డ్రైవరు 2009లోనే వచ్చింది, హోస్ట్‌తో గెస్ట్ మాట్లాడుకునే భాగం 2013లో 3.9 కెర్నల్‌తో వచ్చింది. అంటే ఇక దర్జీ అవసరం లేదు, బట్ట కుట్టే వస్తోంది. 2014లో వచ్చిన రెడ్ హ్యాట్ 7 కాలానికి పెద్ద డిస్ట్రిబ్యూషన్లు ఓపెన్ వీఎం టూల్స్‌ను తమ సొంత ప్యాకేజీగా ఇవ్వడం మొదలుపెట్టాయి. వీఎంవేర్ కూడా అదే వాడమని చెప్పింది. పాత సీడీ పద్ధతికి కొత్త సదుపాయాలు చేర్చడం 2018లో వచ్చిన 10.3.5 వెర్షన్‌తో ఆపేసింది.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ పాత స్క్రిప్టు చివరి రోజుల వెర్షన్లలో నడపగానే తానే చెబుతుంది: ఓపెన్ వీఎం టూల్స్ మీ డిస్ట్రిబ్యూషన్‌లోనే దొరుకుతుంది, అదే వాడటం మంచిది, అయినా ముందుకు పోవాలా? అక్కడ ఎంటర్ నొక్కితే జవాబు "వద్దు" అని పడుతుంది. స్క్రిప్టు ఆగిపోతుంది. "అన్నిటికీ ఎంటర్ నొక్కండి" అని చీటీలో రాసి ఉంది కాబట్టి పిల్లలు ఎంటర్ నొక్కుతారు, అది ఆగిపోతుంది, ఏదో తప్పు చేశామనుకుంటారు. మళ్లీ నడిపి ఈసారి "అవును" అని బలవంతంగా ముందుకు పోతారు. అప్పుడు కెర్నల్ హెడర్లు ఎక్కడున్నాయని అడుగుతుంది. ఏ దారి చూపించినా అది సరైంది కాదంటుంది, మార్చాలా అని మళ్లీ అదే అడుగుతుంది. ఈ చక్రంలో రాత్రి పన్నెండు దాకా కూర్చున్న పిల్లలు ఎందరో. స్క్రిప్టు ముందే సరైన మాట చెప్పింది. చీటీ దాన్ని వినొద్దంది.

ఇప్పుడు చేయాల్సింది

ముందుగా ఒక మాట. కింద ఆదేశాలు ఫోన్‌లో చదివి వినిపించే తీరులో ఉన్నాయి. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. హైఫన్ అన్నచోట అడ్డగీత, మాటకూ మాటకూ మధ్య ఒక స్పేస్.

మొదట తెలుసుకోవాల్సింది, మీ గెస్ట్ ఏ ఇంట్లో ఉందో. లినక్స్ టెర్మినల్‌లో "సిస్టమ్‌డీ హైఫన్ డిటెక్ట్ హైఫన్ వర్ట్" అని కొట్టండి. మధ్యలో స్పేస్ లేదు, మొత్తం ఒకే మాట. జవాబుగా వీఎంవేర్ అని గానీ, ఒరాకిల్ అని గానీ, కేవీఎం అని గానీ, మైక్రోసాఫ్ట్ అని గానీ వస్తుంది. ఒరాకిల్ అంటే వర్చువల్‌బాక్స్ అన్నమాట, 2010 నుంచి అది ఒరాకిల్ చేతిలో ఉంది. సగం గందరగోళం ఇక్కడే తీరిపోతుంది. వర్చువల్‌బాక్స్ పెట్టుకుని వీఎంవేర్ చీటీ చూసి గంటలు పాడుచేసుకోవడం మామూలే.

వీఎంవేర్ అని వస్తే ఉబుంటు, డెబియన్, మింట్‌లలో ముందు "సుడో ఆప్ట్ అప్‌డేట్", ఆ తర్వాత "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఓపెన్ హైఫన్ వీఎం హైఫన్ టూల్స్ హైఫన్ డెస్క్‌టాప్". ఫెడోరా, రాకీ, ఆల్మాలలో ఆప్ట్ బదులు డీఎన్‌ఎఫ్, ప్యాకేజీ పేరు అదే. తర్వాత రీబూట్. అంతే. పదకొండు మెట్లు మూడయ్యాయి. సీడీ లేదు, విప్పడం లేదు, కంపైలర్ లేదు.

చివర ఉన్న "డెస్క్‌టాప్" అన్న ముక్క చాలామంది వదిలేస్తారు. అది లేకుండా వేస్తే గడియారం, షట్‌డౌన్ లాంటివి పనిచేస్తాయి గానీ తెర సాగదు, కాపీ పేస్ట్ రాదు. తెర లేని సర్వర్ వేసుకున్నవాళ్లకు మాత్రం ఆ ముక్క అక్కర్లేదు. ఫెడోరా వర్క్‌స్టేషన్‌లోనైతే ఇవన్నీ ముందే ఉంటాయి, చేయాల్సింది ఏమీ లేదు. కాబట్టి కొత్తగా లినక్స్ వేసిన రోజు ముందు తెరను సాగదీసి చూడండి. సాగితే టూల్స్ ఉన్నట్టే.

వచ్చాయో లేదో గట్టిగా తెలుసుకోవాలంటే "వీఎంవేర్ హైఫన్ టూల్‌బాక్స్ హైఫన్ సీఎండీ" అని కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్ వీ అని కొడితే వెర్షన్ నంబరు చూపిస్తుంది.

తెర సాగింది కానీ కాపీ పేస్ట్ మాత్రం రావడం లేదంటే, అది కొన్నిసార్లు వేలాండ్ అనే కొత్త తెర పద్ధతి వల్ల. ఉబుంటు 24.04లో లాగిన్ పేజీలో పాస్‌వర్డు కొట్టే ముందు కింద మూలన ఉన్న చక్రం గుర్తు నొక్కి ఎక్సార్గ్ ఉన్నదాన్ని ఎంచుకుంటే చాలాసార్లు కుదురుతుంది. ఈ చిట్కా కూడా పాతబడిపోతోంది. ఉబుంటు 25.10 నుంచి ఆ ఎంపికే తీసేశారు.

ఉర్దూ, తెలుగు టైపింగ్ పనులు చేసే ఇళ్లకు ఇక్కడ ఒక చిన్న సంగతి. యూనికోడ్‌లో ఉన్న ఉర్దూ గానీ తెలుగు గానీ కాపీ పేస్ట్‌లో చెక్కుచెదరకుండా దాటుతుంది. డబ్బాలు కనిపిస్తే గెస్ట్‌లో ఆ ఫాంటు లేదని అర్థం. కానీ పాత ఇన్‌పేజ్ ఫైళ్లలోంచి, అను ఫాంట్లలోంచి తీసినది యూనికోడ్ కాదు. అది గజిబిజిగా వస్తే టూల్స్‌ను తప్పు పట్టి మళ్లీ మళ్లీ వేసుకోకండి.

షేర్డ్ ఫోల్డర్ దగ్గర జాగ్రత్త

పాత చీటీల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం ఇక్కడ ఉంటుంది. హోస్ట్ ఫోల్డర్ లినక్స్‌లో కనిపించడానికి ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైల్లో ఒక వరుస రాయమంటాయి. ఆ వరుసలో ఫైల్‌సిస్టమ్ రకం "వీఎంహెచ్‌జీఎఫ్‌ఎస్" అని ఉంటుంది. ఆ పేరుతో ఉన్న డ్రైవరు ఎప్పుడూ కెర్నల్‌లో చేరలేదు. దాని స్థానంలో 2015 నుంచి ఓపెన్ వీఎం టూల్స్‌లో "వీఎంహెచ్‌జీఎఫ్‌ఎస్ హైఫన్ ఫ్యూజ్" వచ్చింది. పాత పేరు రాస్తే కొత్త లినక్స్‌కు ఆ రకమే తెలియదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ మెషిన్ మొదలవుతున్నప్పుడే చదివే ఫైలు. అందులో తెలియని మాట ఉంటే మెషిన్ తెరుచుకోకుండా ఎమర్జెన్సీ మోడ్ అని నల్లతెర మీద ఆగిపోవచ్చు. ఒక్క మాట పాతదైనందుకు మెషిన్ మొత్తం ఆగుతుంది.

ఇప్పుడు రాయాల్సిన రకం "ఫ్యూజ్ డాట్ వీఎంహెచ్‌జీఎఫ్‌ఎస్ హైఫన్ ఫ్యూజ్". పక్కన ఐచ్ఛికాల్లో "నోఫెయిల్" అని కూడా చేర్చండి. అప్పుడు ఫోల్డర్ దొరకకపోయినా మెషిన్ మాత్రం తెరుచుకుంటుంది. అసలు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ముట్టుకునే ముందు "వీఎంవేర్ హైఫన్ హెచ్‌జీఎఫ్‌ఎస్‌క్లయింట్" అని కొట్టి చూడాలి. హోస్ట్‌లో మీరు షేర్ చేసిన ఫోల్డర్ పేరు కనిపించాలి. ఏమీ రాకపోతే వీఎంవేర్ సెట్టింగ్స్‌లో షేరింగ్ ఆన్ కాలేదని అర్థం, లినక్స్‌లో ఎంత వెతికినా లాభం లేదు.

అబ్బా లెక్కల ఫోల్డర్‌ను మాత్రం షేర్ చేయకండి. ప్రాక్టీసు కోసమని ఒక ఖాళీ ఫోల్డర్ కొత్తగా చేసి అదొక్కటే ఇవ్వండి. గెస్ట్‌లో తప్పుగా కొట్టిన డిలీట్ ఆదేశం షేర్డ్ ఫోల్డర్‌లోని ఫైళ్లను హోస్ట్‌లోంచే తీసేస్తుంది. విండోస్ రీసైకిల్ బిన్‌కు కూడా అది పోదు.

వర్చువల్‌బాక్స్ అయితే

ఇక్కడ కథ వేరు. సీడీ పద్ధతి వర్చువల్‌బాక్స్‌లో ఇంకా బతికే ఉంది, తప్పూ కాదు. 2018లో 4.16 కెర్నల్‌తో దీని ముఖ్య డ్రైవరు కూడా లినక్స్‌లో చేరింది, ఫెడోరా వర్క్‌స్టేషన్‌లో గెస్ట్ అడిషన్స్ ముందే వస్తాయి. ఉబుంటులో "వర్చువల్‌బాక్స్ హైఫన్ గెస్ట్ హైఫన్ ఎక్స్11" అనే ప్యాకేజీ ఆప్ట్‌తో వేసుకోవచ్చు. డెబియన్ స్టేబుల్‌లో అది దొరకదు, అక్కడ సీడీయే దారి.

సీడీ దారిలో పోయేవాళ్లు చీటీలో ఒక మాట మార్చుకోవాలి. పాత చీటీలు అప్పటి కెర్నల్ నంబరుకు సరిపడే హెడర్లు మాత్రమే వేయిస్తాయి. కెర్నల్ మారగానే హెడర్లు వెనకబడిపోతాయి. ఉబుంటులో "లినక్స్ హైఫన్ హెడర్స్ హైఫన్ జెనరిక్" అని వేసుకుంటే కెర్నల్‌తో పాటే అవీ మారుతుంటాయి. దాంతోపాటు జీసీసీ, మేక్, పెర్ల్ ఉండాలి. ఆ తర్వాతే డివైసెస్ మెనూలోంచి గెస్ట్ అడిషన్స్ సీడీ పెట్టాలి. ఇంకో ముఖ్యమైన పని, ముందు వర్చువల్‌బాక్స్‌నే కొత్త వెర్షన్‌కు మార్చుకోవడం. పాత వర్చువల్‌బాక్స్‌తో వచ్చే సీడీకి కొత్త కెర్నల్ తెలియదు, కంపైల్ మధ్యలో ఆగిపోతుంది.

షేర్డ్ ఫోల్డర్ కనిపిస్తోంది గానీ తెరవనివ్వడం లేదంటే అది పాడైపోలేదు. మీ యూజర్‌ను "వీబాక్స్‌ఎస్‌ఎఫ్" అనే గ్రూపులో చేర్చాలి. చేర్చిన వెంటనే పనిచేయదు. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. ఈ చివరి ముక్క రాయని చీటీలే ఎక్కువ.

కేవీఎం వాడేవాళ్లు అంటే సాధారణంగా ల్యాప్‌టాప్‌లో నేరుగా లినక్సే ఉన్నవాళ్లు. వాళ్లకు "స్పైస్ హైఫన్ వీడీఏజెంట్", "క్యూఈఎంయూ హైఫన్ గెస్ట్ హైఫన్ ఏజెంట్" అనే రెండు ప్యాకేజీలు చాలు.

నల్లతెర వచ్చేసిన ఇంట్లో

నిజామాబాద్ ఇంటికి తిరిగి వద్దాం. సబ్మిషన్ దగ్గర పడింది. ఫార్మాట్ అవసరం లేదు. ల్యాప్‌టాప్‌కు అసలు ఏమీ కాలేదు. పాడైంది గెస్ట్ ఒక్కటే, అందులోనూ ఫైళ్లు భద్రంగా ఉన్నాయి.

మెషిన్ ఆపి, ఏమీ ముట్టుకోకముందే ఆ వర్చువల్ మెషిన్ ఉన్న ఫోల్డర్‌ను మొత్తంగా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేయాలి. ఫైలు పెద్దది కాబట్టి పాత ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ పనికిరాదు, అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ ఉండాలి. అప్పుడు భయం పోతుంది. చెడినా మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

తర్వాత మెషిన్ ఆన్ చేసి, కిటికీ లోపల మౌస్‌తో ఒకసారి నొక్కి, షిఫ్ట్ పట్టుకోవాలి. కొన్ని మెషిన్లలో షిఫ్ట్ కాదు, ఎస్కేప్ నొక్కాలి. గ్రబ్ మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి పోతే పాత కెర్నల్ ఇంకా అక్కడే ఉంటుంది. ఉబుంటు పాతదాన్ని వెంటనే తీసేయదు. దాన్ని ఎంచుకుంటే, ఆ కెర్నల్ కోసమే కుట్టిన డ్రైవర్లు కాబట్టి తెర వస్తుంది. ముందు ప్రాజెక్టు కోడు, రికార్డు ఫైళ్లు బయటికి తీసుకోవాలి. మెయిల్ చేసుకున్నా సరే. ఆ తర్వాత "సుడో వీఎంవేర్ హైఫన్ అన్‌ఇన్‌స్టాల్ హైఫన్ టూల్స్ డాట్ పీఎల్" నడిపి పాతవి తీసేసి, పైన చెప్పినట్టు ఓపెన్ వీఎం టూల్స్ వేసి రీబూట్ చేయాలి. ఈ క్రమం ముఖ్యం. పాతవి తీయకుండా కొత్తవి వేస్తే రెండూ ఒకదానికొకటి అడ్డం పడతాయి.

దమ్మామ్ అన్న ఫోన్‌లో ఒక్కో అక్షరం చెబుతుంటే చెల్లెలు కొట్టింది అనుకుంటే, ఇదంతా ఓ గంట పని. కాపీ అయ్యే సమయమే ఎక్కువ.

ఇంకోసారి ఇలా కాకుండా ఏ కొత్త పని చేసే ముందైనా స్నాప్‌షాట్ తీసుకోవచ్చు. మెషిన్ అప్పుడున్న స్థితిని అలాగే నిలిపి ఉంచే సదుపాయం అది. కానీ స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. ల్యాప్‌టాప్ డిస్కు పోతే స్నాప్‌షాట్ కూడా దానితోపాటే పోతుంది.

టూల్స్ తప్పు కాని చోట

కొన్నిసార్లు ఆప్ట్ గానీ యమ్ గానీ ఏ ప్యాకేజీనీ దించదు. అప్పుడు చూడాల్సింది గెస్ట్ వయసు. చాలా కోచింగ్ నోట్సులు ఇప్పటికీ సెంటాస్ 7 మీదే నడుస్తున్నాయి. దాని ఆయుష్షు 2024 జూన్ 30తో ముగిసింది. ప్యాకేజీల జాబితా ఇచ్చే చిరునామా కూడా పనిచేయడం మానేసింది, అందుకే హోస్ట్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. చాలామంది ఇంట్లో వైఫై పోయిందనుకుంటారు. దానికి అతుకులు వేసే చిట్కాలు నెట్‌లో ఉన్నాయి గానీ భద్రతా అప్‌డేట్లు రాని మెషిన్ మీద నేర్చుకోవడం దండగ. రాకీ లేదా ఆల్మా 9 వేసుకుంటే రెడ్ హ్యాట్ ఆదేశాలన్నీ అక్కడా పనిచేస్తాయి. 10 ఎందుకు కాదంటే, రెడ్ హ్యాట్ 10 కుటుంబానికి కొత్త తరం ప్రాసెసర్లు కావాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత ల్యాప్‌టాప్‌లో అది లేవకపోవచ్చు. ఆల్మా మాత్రం పాత ప్రాసెసర్ల కోసం 10లో ఒక వేరే రూపం ఇస్తోంది.

ర్యామ్ సంగతీ అంతే. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్‌కు 4 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్కు ఉండాలంటారు. ల్యాప్‌టాప్‌లో మొత్తం ఉన్నదే 4 జీబీ అయితే ఏ టూల్స్ వేసినా అది నత్తనడకే నడుస్తుంది. కేవలం ఆదేశాలు నేర్చుకోవడమే పని అయితే విండోస్‌లోనే ఉన్న డబ్ల్యూఎస్‌ఎల్ చాలు. దానికి ఈ టూల్స్ గొడవే లేదు.

చీటీని ఎలా తిరగరాయాలి

ఇంట్లో ఒకరు ఇది నేర్చుకున్నాక చీటీ పక్కింటి అబ్బాయికీ, జూనియర్లకూ పోతుంది. అక్కడే మళ్లీ పాతబడటం మొదలవుతుంది. కాబట్టి తిరగరాసేటప్పుడు మొదటి వరుసలో తేదీ వేయాలి. ఏ లినక్స్, ఎన్నో వెర్షన్, వీఎంవేరా వర్చువల్‌బాక్సా, దాని వెర్షన్ ఎంత అన్నది రాయాలి. ఈ ఒక్క వరుస ఉంటే చదివేవాడికి ఇది తనకు పనికొస్తుందో లేదో ముందే తెలుస్తుంది.

పాత మెట్లను కొట్టేసి వదిలేయకండి, పూర్తిగా తీసేయండి. కొట్టేసిన వరుసలు జిరాక్సులో మళ్లీ మంచివాటిలా కనిపిస్తాయి. మెట్టు పక్కన అది ఎందుకో ఒక ముక్క రాస్తే మంచిది. "డెస్క్‌టాప్ ప్యాకేజీ, కాపీ పేస్ట్ కోసం" అన్నంత చాలు. ఎందుకో తెలిసినవాడు రేపు పేరు మారినా తానే వెతుక్కుంటాడు. చివర్లో పని అయ్యిందో లేదో చూసే మూడు పరీక్షలు రాయాలి: కిటికీ సాగదీస్తే తెర సాగిందా, అక్కడి మాట ఇక్కడ పేస్ట్ అయ్యిందా, షేర్డ్ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెడితే అవతల కనిపించిందా. రాసినది కొత్తగా వేసిన మెషిన్ మీద ఒకసారి మీరే మొదటి నుంచి చేసి చూడాలి. అలవాటైన మెషిన్‌లో ఎప్పుడో వేసినవి ముందే ఉంటాయి కాబట్టి చీటీలో ఏది మర్చిపోయారో తెలియదు.

వీఎంవేర్ చీటీల్లో తీసేయాల్సింది ఇంకొకటి ఉంది. పాతవాటిలో ఎక్కడి నుంచో తెచ్చిన లైసెన్స్ కీ రాసి ఉంటుంది. కొన్ని క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ దొరికే సైటు పేరు కూడా ఇస్తాయి. అలాంటి ఫైళ్ల వెంట వచ్చే వైరస్ అబ్బా లెక్కలున్న విండోస్‌లోనే దిగుతుంది. ఇప్పుడు ఆ అవసరమే లేదు. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొనేసింది. 2024 మేలో వర్క్‌స్టేషన్ ప్రోను ఇంట్లో వాడుకునేవాళ్లకు, అదే ఏడాది నవంబరులో అందరికీ ఉచితం చేసింది. ప్లేయర్ అనే చిన్న వెర్షన్‌ను ఆపేసింది. బ్రాడ్‌కామ్ సపోర్ట్ పోర్టల్‌లో ఖాతా తెరిచి దించుకోవాలి. పాత చీటీలో ఉన్న వీఎంవేర్ డౌన్‌లోడ్ లింకులు చాలావరకు ఇప్పుడు ఎక్కడికీ తీసుకెళ్లవు.

టూల్స్‌లో కూడా లోపాలు బయటపడుతుంటాయి. 2023లో ఓపెన్ వీఎం టూల్స్‌లో భద్రతా లోపాలు దొరికాయి, డిస్ట్రిబ్యూషన్లు వెంటనే సరిచేసిన ప్యాకేజీలు ఇచ్చాయి. ఆప్ట్‌తో వేసుకున్నవాళ్లకు అవి మామూలు అప్‌డేట్‌తోనే వచ్చేశాయి, వాళ్లకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. సీడీ నుంచి వేసుకున్నవాళ్లకు అలా ఏదీ దానంతట అది రాదు.